ఎండ పక్క తలుపు

మామయ్య పేరు కారు మీద నుంచి పీకెయ్యడానికి నాకు ఒక పూట పట్టింది. అది పోలేదని తెలుసుకోవడానికి కప్పు టీ తాగినంతసేపు చాలింది.

పీకడం సులువే. హెయిర్ డ్రయ్యర్‌తో స్టిక్కర్‌ని వెచ్చబెట్టి, గోరుతో అంచు లేపి మెల్లగా లాగితే ఒక్కో అక్షరం సాగుతూ ఊడొచ్చింది. ముందు తలుపులు రెండింటి మీదా జానెడు అక్షరాలు. పైన మామయ్య పేరు, కింద డ్రైవింగ్ స్కూల్ అని. అంటుకుపోయిన జిగురుని వంటనూనె గుడ్డతో తుడిచాను. ఊడిన అక్షరాలన్నీ ఉండ చుట్టి చెత్తబుట్టలో పడేసినప్పుడు నాకెంత హాయిగా ఉందో అమ్మతో చెప్పలేదు. చెబితే బాధపడుతుంది. ఆయన ఆవిడకి సొంత అన్న.

తర్వాత పైపు పెట్టి తలుపులు కడిగాను. తడి మీద కారంతా ఒకటే ఎరుపు. అమ్మ వరండాలోంచి చూసి, "పోయింది కదే! శుభ్రంగా పోయింది," అంది. నేను లోపలికెళ్ళి దర్జాగా టీ తాగి వచ్చాను. ఈలోగా కారు ఆరిపోయింది. తలుపు మీద మామయ్య పేరు, దాని కింద డ్రైవింగ్ స్కూల్, పొల్లు పోకుండా ఎక్కడివక్కడే ఉన్నాయి.

సంగతేమిటంటే, ఎర్ర రంగు ఎండకి వెలిసిపోతుంది. పాత కార్ల రంగు మరీ తొందరగా వెలుస్తుంది. ఏళ్ళ తరబడి ఎండలో నిలబడి ఈ కారు మొత్తం పాలిపోయింది. స్టిక్కర్ కప్పినంత మేర మాత్రం షోరూంలోంచి వచ్చిన నాడు ఎలా ఉందో అలాగే ఉంది. అందుకే స్టిక్కర్ పీకితే లోపలి నుంచి ముదురెరుపు అక్షరాలు బయటపడ్డాయి. నీళ్ళు పోస్తే వెలిసిన రంగు కూడా ముదురుగా కనిపిస్తుంది కాబట్టి పేరు మాయమవుతుంది. ఆరగానే మళ్ళీ వస్తుంది. నిన్నటిదాకా అంటించిన పేరు, ఇవాళ కారులోంచే మొలిచిన పేరయింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇంతకీ ఆ కారు నాది. ఆ మాట ముందే చెప్పి ఉంచడం మంచిది. ఎందుకంటే నాకు తప్ప మా ఇంట్లో అందరికీ ఆ విషయంలో అనుమానాలున్నాయి.

నాన్న పోయినప్పుడు మమ్మల్ని ఆదుకున్నది మామయ్యే. అది నిజం, కాదనను. మర్చిపోదామన్నా ఆయన మర్చిపోనివ్వలేదు. నేను కారు నేర్చుకున్నది ఆయన స్కూల్లోనే, నేర్పిందీ అక్కడే. ఆడవాళ్ళకి ఆడమనిషి నేర్పితేనే పంపిస్తామని ఇళ్ళల్లో పట్టుబడుతున్నారని ఆయనకి తెలిశాక ఈ ఎర్ర కారు కొని, పక్క సీటు దగ్గర నేర్పేవాళ్ళ కోసం రెండో బ్రేకు పెట్టించి, ఆ సీట్లో నన్ను కూర్చోబెట్టాడు. ఇక అప్పటినుంచీ నర్సులు, టీచర్లు, కొత్త కోడళ్ళు, మనవలున్న అమ్మమ్మలు, అందరూ నా పక్కన వణికినవాళ్ళే. నా కాలు ఎప్పుడూ ఆ బ్రేకు మీదే ఉండేది గనుక నాకు బ్రేకమ్మ అని పేరు పెట్టారు. మొదట్లో చాటుగా అనేవాళ్ళు, తర్వాత్తర్వాత మొహం మీదే పిలిచేవాళ్ళు. స్కూలు బోర్డు మీద మాత్రం మామయ్య పేరు, ఆయన కొడుకు మా బావ ఫొటో ఉండేవి.

పోయిన నెల స్కూలుకి కొత్త కార్లొచ్చాయి. వాటితో పాటు కొత్త పిల్లలొచ్చారు, నేర్పడానికి.

"అమ్మాయీ, ఎండలో తిరిగింది చాల్లే. ఇంక ఆఫీసులో ఫోను దగ్గర కూర్చో, చల్లగా," అన్నాడు మామయ్య.

కూర్చోనన్నాను. సరే అయితే ఈ డొక్కు తీసుకుపో, ఇన్నాళ్ళ పనికి గుర్తుగా ఉంటుంది అని అందరి ముందూ తాళం నా చేతిలో పెట్టి, కారు నా పేరుకి మార్పించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పాత ఇనుముకి తోలేస్తానని ఆయన అనుకున్నాడు. దాంతో సొంతంగా నేర్పడం మొదలుపెడతానని కల్లో కూడా అనుకోలేదు.

మొదటి శిష్యురాలు కూడా కుదిరింది. మా ఎదురింట్లో బేకరీ నడిపే అక్క. వాళ్ళకి సరుకు వేసుకెళ్ళే వ్యాను ఉంది. దాన్ని నడిపేది వాళ్ళాయనే. ఆయన నడుం పట్టేసి మంచమెక్కిన రోజున బ్రెడ్లూ బన్నులూ కదలకుండా షాపులోనే కూర్చుంటాయి, వాటి పక్కన ఈవిడ కూర్చుంటుంది.

"బ్రేకమ్మా, ఇట్లా అయితే లాభం లేదు. నాకు నేర్పెయ్యి. ఆదివారం మొదలెడదాం," అంది.

ఈ కబురు మామయ్యకి ఎవరు చేరవేశారో నాకు తెలియదు. స్టిక్కర్లు పీకిన మర్నాడంతా అమ్మ నా మొహంలోకి చూడకుండా పని చేసుకుంది. అంటే తెలిసినట్టే.

సాయంత్రానికి ఊడిపడ్డాడు. వచ్చీరాగానే కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, తలుపు ముందు ఆగి, తన పేరు తనే పైకి చదువుకున్నాడు.

"ఏంటమ్మాయీ ఇది?"

"కారు."

"కళ్ళున్నాయిలే నాకు. దాని మీదున్నదేంటి?"

"స్టిక్కర్లు పీకేశాను మామయ్యా. మచ్చలు మిగిలాయి, అంతే."

"నా పేరు మచ్చా?"

అమ్మ గబగబా మంచినీళ్ళు తెచ్చింది. మా ఇంట్లో ఎప్పుడు గొంతు లేచినా ముందు వచ్చేవి మంచినీళ్ళే. ఆయన గ్లాసు ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, నిదానంగా తీర్పు చెప్పాడు.

"నా పేరు ఉన్నంతకాలం జనం దీన్ని నా బండే అనుకుంటారు. నువ్వెక్కడైనా గుద్దితే పోయేది నా పరువు. అయినా నా పేరేసుకుని నాకే పోటీ వస్తావా? ఆదివారం పొద్దున్న వస్తాను. ఈ తలుపుల మీద నా పేరు చదవగలిగానా, తాళం ఇచ్చేసి సోమవారం నుంచి వచ్చి ఫోను దగ్గర కూర్చుంటావు. చదవలేకపోయాననుకో, నీ బండి, నీ ఇష్టం. అంతేగా చెల్లెమ్మా?"

అమ్మ తలూపింది. నేను ఊ అనలేదు. కానీ మా ఇంట్లో మామయ్య ముందు ఊహూ అనకపోతే ఊ అన్నట్టే లెక్క.

ఇచ్చిన కారు మళ్ళీ అడగడమేంటని బేకరీ అక్క ముక్కున వేలేసుకుంది. మీకు మా మామయ్య తెలియదు అన్నాను. ఆయన చేతి నుంచి వచ్చిన వస్తువేదీ ఆయన చెయ్యి పూర్తిగా వదలదు. అమ్మకి కొనిచ్చిన ఫ్రిజ్జు తలుపు ఇప్పటికీ వచ్చినప్పుడల్లా తీసి లోపల ఏముందో చూసి వెళ్తాడు.

కొత్తగా రంగు వేయిద్దామని పెయింటు షాపుకి వెళ్ళాను. అక్కడతను చెప్పిన రేటు విని ఇంటికొచ్చేశాను. ఆ పేరు మీద నా పేరు స్టిక్కర్ చేయించి అంటించుకొమ్మని బేకరీ అక్క సలహా ఇచ్చింది. అది నాకు నచ్చలేదు. కింద ఆయన పేరు పెట్టుకుని పైన నా పేరు అంటించుకుంటే ఇంకెందుకు? ఇన్నాళ్ళూ జరిగింది అదేగా, కాకపోతే తలకిందులుగా. పోతే పూర్తిగా పోవాలి, నా చేతుల మీదుగానే పోవాలి. రంగు పై పొరని అరగదీసే రబ్బింగ్ కాంపౌండ్ డబ్బా ఒకటి, మైనం డబ్బా ఒకటి, మెత్తటి గుడ్డలూ కొనుక్కొచ్చాను.

మామయ్య స్కూల్లో కార్లు కడగడానికి ఒక పద్ధతి ఉండేది. పొద్దునా సాయంత్రం క్లాసులుంటాయి కాబట్టి మిట్టమధ్యాహ్నం కడగాలి. బట్టల సబ్బు పొడి నీళ్ళలో గిలక్కొట్టి, చేతికందిన పాత చొక్కాతో గుండ్రంగా రుద్దాలి. చొక్కా కింద పడితే దులిపి మళ్ళీ దాంతోనే రుద్దాలి. కాలిపోతున్న రేకు మీద సబ్బు నురగ నురగలాగే ఎండిపోయేది. ఇంక ఆ కార్లకి రంగెలా నిలుస్తుంది? నేను ఆ పద్ధతికి అడుగడుగునా అడ్డం తిరిగాను. పొద్దున్నే ఇంటి నీడ కారు మీద ఉన్నప్పుడే పని. సబ్బు నీళ్ళకి ఒక బకెట్, గుడ్డ జాడించడానికి వేరే బకెట్. పై నుంచి కిందికి కడగడం, చక్రాల గుడ్డ చక్రాలకే. బురద రేణువు ఒక్కటి గుడ్డలో ఉండిపోయినా అది రంగు మీద గీతలు గీస్తూనే ఉంటుంది. ముందు దుమ్ము పోవాలి, తర్వాతే రుద్దుడు.

రుద్దడం మొదలుపెట్టగానే గుడ్డ ఎర్రబడింది. చేతులు ఎర్రబడ్డాయి. జాడించిన నీళ్ళు ఎర్రబడ్డాయి. బేకరీ అక్క రోడ్డు దాటి పరిగెత్తుకొచ్చింది.

"అయ్యో అయ్యో, చెయ్యి కోసుకున్నావా?"

"రంగు అక్కా."

"అమ్మో, రంగంతా ఊడొచ్చేస్తోందే!" అని వరండాలోంచి అమ్మ అందుకుంది. "ఆపవే బాబూ, ఉన్నది కూడా పోతుంది."

"ఊడేది చచ్చిన రంగమ్మా. బతికున్నది కింద ఉంది."

ఆ మాట గట్టిగానే అన్నాను కానీ నాకూ లోపల గుబులుగానే ఉంది. అరచెయ్యంత మేర రుద్ది, తుడిచి, వంగి చూశాను. పాలిపోయిన రంగు కిందనుంచి అసలు ఎరుపు పైకొచ్చింది. అందులో నా మొహం కనపడింది. జుట్టు రేగిపోయి, ముక్కు మీద ఎర్ర మరకతో ఉన్నాను. ఆ కారులో ఎప్పుడూ పక్క సీట్లో కూర్చున్నదాన్ని, నా మొహం దాని మీద చూసుకోవడం అదే మొదలు. బాగానే ఉన్నాననిపించింది.

బేకరీ అక్క కాసేపు నడుం మీద చెయ్యేసుకుని చూసి తల అడ్డంగా ఊపింది.

"మణికట్టుతో రుద్దకు, రాత్రికి చెయ్యి లేవదు. భుజంతో రుద్దు, ఒంటి బరువు వెయ్యి. రోజూ పిండి పిసికేదాన్ని, నా మాట విను."

విన్నాను. బరువు వేసి రుద్దాను. నీడ ఉన్నంతసేపూ రుద్ది, ఎండ రాగానే కారు మీద దుప్పటి కప్పి లోపలికి వచ్చేదాన్ని. అమ్మ అన్నం పెడుతూ నా చేతులు చూసి నిట్టూర్చేది. "ఎందుకే ఈ పంతం? ఫోను దగ్గర కూర్చుంటే ఏం పోయింది?" అనేది. నేను ఇంకాస్త కూర వేసుకునేదాన్ని. పంతానికి ఆకలెక్కువ.

ఒక పక్క తలుపు లొంగింది. అక్షరాలు ముందు పల్చబడ్డాయి, తర్వాత వంగి చూస్తే తప్ప కనపడలేదు, తర్వాత వంగి చూసినా కనపడలేదు. ఆ రోజు నేను ఈల వేశాను. అమ్మ చెవులు మూసుకుంది.

రెండో పక్క తలుపు మొండికేసింది. స్కూల్లో నేనెప్పుడూ కారుని ఒకే చోట ఆపేదాన్ని. చెట్టు కింద చోటు మామయ్య కారుది, రేకుల షెడ్డు మా బావ కారుది, గోడవతల చోటు ఆడవాళ్ళ బండిది. మధ్యాహ్నం నుంచీ ఎండంతా ఆ తలుపు మీదే పడేది. ఆ పక్క రంగు ఎంత లోతుకి చచ్చిందంటే, ఎంత రుద్దినా అక్షరాలకీ వాటి చుట్టుపక్కలకీ తేడా తగ్గుతుందే గానీ పోదు. ఇంకా గట్టిగా రుద్దితే తలుపు మడత మీద ఎరుపు కింది తెల్ల పూత గోరంత తొంగిచూసింది. అక్కడితో చెయ్యి ఆపేశాను. ఇంక రుద్దితే పేరుతో పాటు తలుపు కూడా పోతుంది. శనివారం వచ్చింది, పేరు మాత్రం ఇంకా చదవడానికి వస్తోంది. కాంపౌండ్ డబ్బా అడుగు కనిపిస్తోంది. గుడ్డ నేలకేసి కొట్టాను. కొట్టినందుకు దాన్ని మళ్ళీ ఉతుక్కోవాల్సొచ్చింది.

బయట చెయ్యడానికేం లేక లోపలికి దిగాను. సీట్ల సందుల్లోంచి హెయిర్ పిన్నులు, పెన్ను మూతలు, బిస్కెట్ పొడి, ఎవరిదో చెవి దుద్దు ఒకటి బయటపడ్డాయి. బ్రష్షుతో గాలి సందులు దులిపాను, డాష్‌బోర్డు తడిగుడ్డతో తుడిచాను. డాష్‌బోర్డుకి మెరుపు పూశాను గానీ స్టీరింగుకీ పెడల్స్‌కీ పూయలేదు. మెరుస్తాయి, కానీ చెయ్యీ కాలూ జారతాయి. నా బ్రేకు పెడల్ మీద రబ్బరు నా పాదం కింద అరిగి అరిగి నున్నగా ఉంది. దాన్ని రెండుసార్లు తుడిచాను. ఎంతమంది గుండె దడ ఈ రబ్బరు మీద ఆగిందో నాకు తెలుసు.

స్టీరింగ్ కింద తుడుస్తున్నప్పుడు చేతికి తీగ తగిలింది. కోసేసి, కొసలకి టేపు చుట్టి, లోపలికి దోపిన తీగ. అది హారన్‌ది.

నేను దాని సంగతే మర్చిపోయాను. అది కోయించింది మామయ్యే. ఆడవాళ్ళు భయపడి అదేపనిగా హారన్ కొడతారు, స్కూలుకి చెడ్డపేరు అన్నాడు. "ఎవరైనా అడ్డొస్తే ఆగమని చెప్పు. వాళ్ళకేం తొందర?" అన్నాడు. అందుకని నేను ఇన్నేళ్ళూ అందరికీ ఆగడం నేర్పాను. గేదె అడ్డొస్తే ఆగండి, సైకిలు అడ్డొస్తే ఆగండి, రోడ్డు మధ్య నిలబడి ఫోను మాట్లాడే పెద్దమనిషి అడ్డొస్తే ఆయన మాటలయ్యేదాకా ఆగండి. లైసెన్సు పరీక్షకి మాత్రం మా బావ బండి ఇచ్చేవాళ్ళు, దానికి హారన్ ఉంది కాబట్టి. ఎంతమంది నా దగ్గర నేర్చుకుని, సొంత కార్లు కొనుక్కుని, ఇప్పటికీ హారన్ మీద చెయ్యి వెయ్యకుండా కాచుకుని కూర్చుంటున్నారో తల్చుకుంటే కడుపు మండింది.

టేపు పీకి, కొసలు గీకి, రెండూ మెలిపెట్టి కొత్త టేపు చుట్టాను. స్టీరింగ్ మధ్యలో అరచెయ్యి పెట్టి నొక్కాను. గొంతు బొంగురుపోయిన హారన్ ఒక్కసారి వీధంతా వినపడేలా అరిచింది. లోపల ఏదో గిన్నె కింద పడింది.

"ఎవరే వచ్చింది?" అని అమ్మ కేక.

"ఎవరూ రాలేదమ్మా. నేనే."

ఆ రాత్రి అన్నాల దగ్గర అమ్మ గిన్నెలో మిగిలిన కూరంతా నాకే వడ్డించింది. నా కంచం వైపు చూస్తూ అంది, "తడిగా ఉంటే కనపడదు కదే."

"ఏది?"

"అదే. పేరు."

నేను తలెత్తి చూశాను. మా అమ్మ అన్నగారి మాటకి ఇన్నేళ్ళలో ఒక్కసారి ఎదురు చెప్పిన మనిషి కాదు. ఇప్పుడు ఆయన కళ్ళకి గంతలు కట్టమని నాకు చెబుతోంది. నవ్వూ వచ్చింది, ముద్దూ వచ్చింది. "దొంగాటలు వద్దమ్మా," అని మాత్రం అన్నాను.

ఆదివారం నేను స్నానం చేసి బయటికొచ్చేసరికి అమ్మ పైపు పట్టుకుని కారు ముందు నిలబడి ఉంది. కారు నిలువునా తడిసి నీళ్ళు కారుతోంది. ఆవిడ మోకాళ్ళ దాకా తడిసింది. నేను నోరు తెరిచేలోపు గేటు చప్పుడయింది. ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కాలో మామయ్య.

నేను లొంగదీసిన తలుపు ముందుకెళ్ళి కళ్ళజోడు సర్దుకుని చూశాడు. ఏమీ దొరకలేదు. ఎండ పక్క తలుపు దగ్గరికెళ్ళాడు. వంగాడు, లేచాడు, తల ఇటు వంచి అటు వంచి చూశాడు. నీళ్ళు జారుతున్న తలుపు ఎర్రగా, ఏమీ ఎరగనట్టు ఉంది. అమ్మ పైపు గట్టిగా పట్టుకుని నా వైపు చూసింది. ఆ చూపుకి అర్థం ఒకటే. నోరు మూసుకోవే తల్లీ, ఆయన వెళ్ళేదాకా.

"ఊ," అన్నాడు మామయ్య. "పోయినట్టే ఉంది."

నేను గెలిచాను. కాసేపు నోరు కట్టుకుంటే చాలు, కారు నాది, శిష్యురాలు నాది, ఫోను ఎవరిదో. నోరు కట్టుకోవడానికి నేను మనస్ఫూర్తిగా ప్రయత్నించాను కూడా. ఆయన వెళ్ళబోతూ ఆగకపోయి ఉంటే కట్టుకునేదాన్నేమో.

"సరే, నా పేరు పోయింది. ఇంక నిన్నెవరు గుర్తుపడతారో నేనూ చూస్తా," అన్నాడు. "ఇన్నేళ్ళూ నా నీడన చల్లగా బతికావు. బయటికొస్తే తెలుస్తుంది ఎండంటే ఏంటో."

నాకు ముందు చెవులు వేడెక్కాయి. తర్వాత చేతులు వాటంతటవే కదిలాయి. తాడు మీద ఆరేసిన పొడిగుడ్డ లాగి ఎండ పక్క తలుపు మీద వేశాను.

"అమ్మా, పంపు కట్టెయ్యి."

"వద్దే..."

"కట్టెయ్యమ్మా."

కట్టేసింది. నేను తలుపు తుడిచాను, పై నుంచి కిందికి, ఒంటి బరువు వేసి, చుక్క తడి మిగలకుండా. గుడ్డ వెనకాలే అక్షరాలు ఒక్కొక్కటీ తేలుతూ వచ్చాయి. పల్చగా, కానీ చదవొచ్చేలా.

"చదవండి మామయ్యా."

ఆయన చదివాడు. ఈసారి పైకి చదవలేదు, పెదాలు మాత్రం కదిలాయి.

"నీడ అన్నారు కదా. నీడ ఎక్కడ పడిందో చూడండి. మీ పేరు కింద ఉన్న రంగుకి నీడ దొరికింది, చెక్కు చెదరలేదు. ఆ చుట్టూ ఉన్నదంతా ఎండకి పోయింది. ఆ చుట్టూ ఉన్నది నేను. చెట్టు కింద మీ కారు ఉంది, షెడ్డులో బావ కారు ఉంది, గోడవతల నేనున్నాను. ఎండంటే ఏంటో నాకు మీరు చెప్పాలా?"

ఆయన మొహం కందగడ్డలా అయింది. కానీ మామయ్య ఊరికే మామయ్య కాలేదు. అరచెయ్యి చాపాడు.

"చదవగలిగాను. మాటంటే మాట. తాళం."

"ఊహూ," అన్నాను.

మా ఇంట్లో మామయ్యకి వినపడేలా అన్న మొదటి ఊహూ అది. అన్నాక నాకే విచిత్రంగా అనిపించింది, అంత చిన్న మాటకి ఇన్నేళ్ళు పట్టిందా అని.

"ఊహూ ఏంటి?"

"మాట ఇచ్చింది మీరు మామయ్యా, నేను కాదు. అది నా కారు, నా పేరు మీదుంది. ఈ తలుపు మీద మీ పేరు ఉంటే నాకేం ఇబ్బంది లేదు. మీకు ఇబ్బందైతే ఇదిగో గుడ్డ, డబ్బాలో అడుగున కాస్త కాంపౌండ్ ఉంది. మీరే తుడుచుకోండి. మణికట్టుతో కాదు, భుజంతో రుద్దాలి."

గుడ్డ ఆయన చాపిన చేతిలో పెట్టాను. తడిగుడ్డ. తెల్ల చొక్కా కఫ్ మీద ఎర్రగా మరకయింది. నేను కావాలని చెయ్యలేదు, కానీ చింతించనూ లేదు.

ఈలోగా గేటు దగ్గర బేకరీ అక్క. మోచేతుల దాకా పిండి, కాళ్ళకి కొత్త బూట్లు. మా ముగ్గురి మొహాలూ చూసి, "తర్వాత రానా?" అంది.

"ఇప్పుడే టైము. కూర్చోండి అక్కా. అటు కాదు, స్టీరింగ్ దగ్గర."

ఆవిడ కూర్చుంది. నేను నా సీట్లో కూర్చుని కాలు నా బ్రేకు మీద పెట్టుకున్నాను. అద్దాలు సర్దుకోమన్నాను. బెల్టు పెట్టుకోమన్నాను. క్లచ్ నొక్కి తాళం తిప్పమన్నాను. ఇంజన్ అందుకుంది. తలెత్తి చూస్తే మామయ్య గుడ్డ పట్టుకుని గేటుకీ కారుకీ మధ్య నిలబడి ఉన్నాడు.

"ఎలా వెళ్తావో నేనూ చూస్తా," అన్నాడు.

బేకరీ అక్క చేతులు స్టీరింగ్ మీద బిగుసుకున్నాయి. "బ్రేకమ్మా, ఆయన అడ్డంగా ఉన్నారు. ఆగనా?"

"ఆగే ఉన్నాం అక్కా. ఇంకా ఎంతకని ఆగుతాం? హారన్ కొట్టండి."

తెరిచిన కిటికీలోంచి ఆ మాట విని మామయ్య నవ్వాడు. చేతులు కట్టుకున్నాడు. ఆ కారు సంగతి ఆయనకి తెలుసు మరి.

బేకరీ అక్క అరచేత్తో, పిండి ముద్ద నొక్కినట్టు, ఒంటి బరువంతా వేసి నొక్కింది. హారన్ అరిచింది. మామయ్య ఎగిరిపడ్డాడు. చేతిలో గుడ్డ కింద పడింది. పిట్టగోడ మీది పిల్లి దూకి పారిపోయింది. అక్కకి ఆ చప్పుడు నచ్చినట్టుంది, చెయ్యి తియ్యలేదు.

"చెల్లెమ్మా!" హారన్‌ని మించి అరిచాడు మామయ్య. "చూస్తున్నావా నీ కూతురి వరస? చెప్పు దానికి!"

అక్క చెయ్యి తీసింది. వీధంతా నిశ్శబ్దమైపోయింది. అమ్మ పంపు దగ్గర నిలబడి ఉంది, తడిసిన చీర కాళ్ళకి అంటుకుని, చేతిలో ఖాళీ పైపుతో. ఇప్పుడు మంచినీళ్ళు తెస్తుందేమోననుకున్నాను. అన్నగారి వైపు చూసింది, నా వైపు చూసింది, మళ్ళీ అన్నగారి వైపు చూసింది.

"హారన్ కొడుతున్నారు కదా అన్నయ్యా," అంది. "తప్పుకో."

ఆయన తప్పుకున్నాడు. బేకరీ అక్క క్లచ్ వదిలింది, కారు ఒక కుదుపు కుదిపి గేటు దాటింది. నా కాలు బ్రేకు మీదే ఉంది. నొక్కలేదు.